'రిప్లీ'ని స్పీడ్ పెంచి చూడకండి

సంపాదకులకు నమస్కారం.

మీ ఆదివారం అనుబంధంలో 'రిప్లీ' సిరీస్ మీద వచ్చిన సమీక్ష చదివాక ఈ ఉత్తరం రాయకుండా ఉండలేకపోయాను. నత్తనడక నడిచిందనీ, ఒక సినిమాకి సరిపోయే కథని ఎనిమిది భాగాలు సాగదీశారనీ, ఇప్పుడు కూడా నలుపు తెలుపులో తీయడమేమిటనీ నాలుగు మాటలు రాసి, చూడక్కర్లేదని తేల్చేశారు. ఆ ముక్క చదివి ఎంతమంది దాని జోలికి వెళ్ళకుండా ఊరుకున్నారో అని నా బాధ. నేను ఎనిమిది భాగాలూ రెండుసార్లు చూశాను. మొదటిసారి చూడకముందు ఒకసారి, చూశాక ఒకసారి దీనికి మూలమైన నవల చదివాను. చూడొచ్చా అని ఎవరైనా అడిగితే తప్పకుండా చూడమంటాను.

ప్యాట్రీషియా హైస్మిత్ 'ద టాలెంటెడ్ మిస్టర్ రిప్లీ' నవల 1955లో వచ్చింది. న్యూయార్క్‌లో చిల్లర మోసాలతో బతికే టామ్ రిప్లీని ఓడలు కట్టే ఒక పెద్దమనిషి పిలిపించి, ఇటలీలో ఉండిపోయిన మా అబ్బాయి డికీని ఎలాగైనా ఇంటికి తీసుకురా అని ఖర్చులిచ్చి పంపిస్తాడు. టామ్ వెళ్ళి ఆ డికీ జీవితం చూస్తాడు. ఆ ఇల్లు, ఆ బట్టలు, వేలికున్న ఉంగరం, నెలనెలా వచ్చే డబ్బు. అవన్నీ తనకి కావాలనిపిస్తుంది. ఆ తర్వాత ఏం జరుగుతుందో చదవనివాళ్ళ కోసం పూర్తిగా చెప్పను గానీ, హత్య జరుగుతుందని చెబితే తప్పులేదు, ఎందుకంటే సిరీస్ మొదలయ్యేదే ఒక మనిషి శవాన్ని మెట్ల మీదుగా కిందికి ఈడ్చుకెళ్ళడంతో.

అసలు సంగతి ఆ మెట్ల దగ్గరే ఉంది. మామూలు క్రైమ్ కథలో హత్య ఒక్క క్షణంలో అయిపోతుంది, ఆ వెంటనే పోలీసులు వచ్చేస్తారు, ఇక ఎవరు చేశారన్నదే ప్రశ్న. హైస్మిత్‌కి ఆ ప్రశ్న మీద ఆసక్తే లేదు. ఎవరు చేశారో మనకి ముందే తెలుసు. చంపడం ఒక్క నిమిషం పని, దాని తర్వాత చాకిరీ ఎంత ఉంటుంది, ఆ చాకిరీ చేస్తున్నవాడి బుర్రలో ఏం నడుస్తుంటుంది, అదే ఆవిడ నవల. మూడో భాగంలో పడవ మీద జరిగేది చూడండి. తెడ్డుతో కొట్టడం కాసేపట్లో అయిపోతుంది. ఆ తర్వాత శవాన్ని నీళ్ళలో ముంచాలి, అంతలో టామ్ తనే నీళ్ళలో పడిపోతాడు, పడవేమో ఎవరూ పట్టుకునేవాళ్ళు లేక గుండ్రంగా తిరుగుతూ వాడి మీదికే వస్తుంది, ఎలాగో బతికి బయటపడితే ఇక ఆ పడవని మాయం చెయ్యాలి, దానికి రాళ్ళు మొయ్యాలి. చాలాసేపు ఒక్క మాట ఉండదు. నీళ్ళ చప్పుడు, మోటారు చప్పుడు, వాడి రొప్పు, అంతే. నాకు అరచేతులు చెమటలు పట్టాయి. వాడు దొరికిపోవాలని కోరుకుంటున్నానో, తప్పించుకోవాలని కోరుకుంటున్నానో నాకే తెలియలేదు, నవల చదివినప్పుడు కూడా సరిగ్గా ఇదే జరిగింది. దీన్ని రెండు నిమిషాల్లో కత్తిరించేస్తే ఇక ఆ నవల మిగలదు.

మా అన్నయ్య ఈ సిరీస్‌ని ఒకటిన్నర స్పీడ్‌లో పెట్టుకుని చూసి, ఏముంది ఇందులో అన్నాడు. పక్కన కూర్చోబెట్టుకుని ఐదో భాగం మామూలు వేగంలో పెట్టాను. రోమ్‌లోని ఆ పాత భవనంలో లిఫ్ట్ పనిచేయదు, బరువైన శవం, మలుపు తర్వాత మలుపు మెట్లు, పైనుంచి చూస్తూ కూర్చున్న ఒక పిల్లి. అన్నయ్య మధ్యలో ఫోన్ తీయలేదు. తర్వాత మొదటి నుంచి మళ్ళీ చూశాడు.

ఇక నలుపు తెలుపు గురించి. నవలలో మధ్యధరా ఎండ నిండా ఉంటుంది, నిజమే. 1960లో రెనే క్లెమాన్ ఇదే నవలని అలెన్ డెలాన్‌తో ఫ్రెంచ్‌లో తీసినప్పుడూ, 1999లో ఆంథొనీ మింగెల్లా మాట్ డేమన్‌తో ఇంగ్లీషులో తీసినప్పుడూ ఆ ఎండని, నీలం నీళ్ళని కళ్ళారా చూపించారు. ఆ రెండూ నాకిష్టమే. కానీ మూడోసారి కూడా అదే చేస్తే ఎందుకు తీసినట్టు? స్టీవెన్ జైలియన్ ఎనిమిది భాగాలూ తనే రాసి, తనే తీసి, ఆ అందాన్ని తీసేసి రాయి, నీడ, తడి మాత్రమే ఉంచాడు. కెమెరా రాబర్ట్ ఎల్స్‌విట్‌ది. కథలో కారవాజ్జో బొమ్మలు మళ్ళీ మళ్ళీ వస్తాయి. చీకట్లోంచి ఒక పక్క మాత్రమే వెలుగు పడే ఆ బొమ్మల ముందు టామ్ కదలకుండా నిలబడతాడు. ఆ చిత్రకారుడు కూడా 1606లో రోమ్‌లో ఒక మనిషిని చంపి పారిపోయినవాడే. ఇది తెలిశాక ప్రతి గదిలో దీపం ఎక్కడుందో చూడటం మొదలుపెడతాం. ఇంత ఆలోచించి చేసినదాన్ని రంగుల్లేవు అనే ఒక్క మాటతో కొట్టిపారేయడం అన్యాయం. అమెరికాలో టీవీ కార్యక్రమాలకిచ్చే ఎమ్మీల్లో 2024లో దర్శకత్వానికీ ఛాయాగ్రహణానికీ అవార్డులు ఇచ్చారు, అయినా అవార్డుల్ని చూసి నచ్చాలని నేననను, ఆ మెట్లని చూసి చెప్పండి.

మెట్లంటే గుర్తొచ్చింది. నవలలో డికీ ఉండే ఊరు మోంజిబెల్లో, కల్పిత పేరు. సిరీస్‌లో అమాల్ఫీ తీరంలోని నిజం ఊరు ఆత్రానీ పెట్టారు, టామ్ అక్కడి మెట్లెక్కలేక ఆయాసపడుతూ వస్తాడు. హైస్మిత్ 1952లో ఆ తీరంలోనే పోజిటానోలో ఉన్నప్పుడు, తెల్లవారుజామున హోటల్ బాల్కనీలోంచి చూస్తే భుజాన తువ్వాలు వేసుకుని ఇసుకలో ఒంటరిగా నడిచిపోతున్న ఒక కుర్రాడు కనిపించాడట. అతనెవరో ఆవిడకి ఎప్పటికీ తెలియలేదు. టామ్ పుట్టింది అక్కడే.

లోపాలు లేవని కాదు. నవలలో టామ్‌కి ఇరవై ఐదేళ్ళు. ఇక్కడ టామ్‌గా వేసిన ఆండ్రూ స్కాట్‌కి సిరీస్ వచ్చేనాటికి నలభై ఏడు. ఆ వయసు తేడా చిన్నది కాదు. కుర్రతనంలో ఉండే ఆకలి, ఎవరిలానైనా అయిపోవాలనే తపన నవలలో గుండెని పిండేస్తాయి, ఇక్కడ ఆ తపన చల్లబడి లెక్కలు వేసుకునే మనిషి కనిపిస్తాడు. డికీ కూడా అంత మెరవడు. 1999 సినిమాలో జూడ్ లా నవ్వితే టామ్ ఎందుకు పడిపోయాడో అర్థమైపోతుంది, ఇక్కడ జానీ ఫ్లిన్ మంచివాడిలా ఉంటాడే గానీ ఆ మత్తు లేదు. మొదటి రెండు భాగాలు నాకూ కొంచెం బరువుగానే అనిపించాయి. అయితే ఆ కుర్రతనానికి బదులుగా స్కాట్ ఇచ్చేది వేరే ఉంది. గుమ్మడికాయల దొంగ అనగానే భుజాలు తడుముకునే రకం కాదు ఈ టామ్. ఇన్‌స్పెక్టర్ రవీనీ తీరిగ్గా కూర్చుని, సిగరెట్ వెలిగించి, అడిగిందే మళ్ళీ అడుగుతుంటే, స్కాట్ ముఖంలో ఒక్క కండరం కూడా కదలదు, కళ్ళు మాత్రం ఒక అరక్షణం ఆలస్యంగా తేరుకుంటాయి. ఆ అరక్షణం కోసం చూడాలి.

మరో విషయం. మీ సమీక్షకులు కథ చివర ఏమవుతుందో రెండు వాక్యాల్లో చెప్పేశారు. ఇది మాత్రం క్షమించలేకపోతున్నాను. 1960 సినిమా ముగింపు మార్చింది, అది హైస్మిత్‌కి నచ్చలేదు. అంటే ఈ కథలో ముగింపు ఎంత ముఖ్యమో చూడండి. పాత నవలే కదా అందరికీ తెలిసే ఉంటుంది అనుకోవడం తప్పు, తెలియనివాళ్ళే ఎక్కువ. ముగింపు చెప్పక తప్పదనుకుంటే పైన ఒక హెచ్చరిక వేయండి, రెండు నిమిషాల పని. అలాగే నవల ఆధారంగా వచ్చినవాటి మీద రాసేవాళ్ళు ముందు ఆ నవల చదివి రాస్తే బాగుంటుంది. చదివుంటే సాగదీత అనేవారు కాదని నా నమ్మకం.

చూడబోయేవాళ్ళకి: పిల్లలు పక్కన లేనప్పుడు చూడండి, సంభాషణలు చాలాచోట్ల ఇటాలియన్‌లో ఉంటాయి కాబట్టి సబ్‌టైటిల్స్ చదివే ఓపిక ఉన్నప్పుడు చూడండి, రోజుకి ఒక భాగం చాలు. నచ్చకపోతే మానేయడానికి మూడో భాగం అయ్యేదాకా ఆగండి, అంతకుముందు మాత్రం వద్దు.

— మీ పాఠకురాలు