మంగళవారం కాదు, శనివారం

తెనాలి,
డిసెంబరు 13, శనివారం

ఒరేయ్ సూరీ,

ముందు నువ్వు తిట్టాల్సిన తిట్లన్నీ తిట్టేసుకో. నీ రెండు ఉత్తరాలూ బల్ల మీదే పడి ఉన్నాయి. రాద్దామని కూర్చోవడం, ఎక్కడ మొదలుపెట్టాలో తెలియక లేచిపోవడం, ఇదే వరస.

ఇంటి కబుర్లు గబగబా. చిన్నదానికి సెమిస్టర్ పరీక్షలు. వంటింటి కప్పు కారడం ఆగింది. నీ సైకిలు మా పెరట్లోనే భద్రంగా ఉంది, చైను మాత్రం లేదు, ఎందుకు లేదని అడగకు. అంతే. ఇక అసలు సంగతి.

అమ్మకి అండాశయం క్యాన్సర్ తిరగబెట్టిందని ఫోన్లో చెప్పాను కదా. రక్తంలో ఆ జబ్బు జాడ చెప్పే సీఏ-125 వేసవిలో 19కి దిగింది (35 లోపుంటే ఫరవాలేదంటారు), ఇప్పుడు 410. నవంబరు 20న తీసిన స్కాన్‌లో కడుపులో రెండు గడ్డలు. హైదరాబాద్‌లో కొత్త మందుని రోగులకిచ్చి పరీక్షించే ట్రయల్ ఒకటి నడుస్తోంది, చేర్చుకుంటారేమో కనుక్కోండి అని ఇక్కడి డాక్టరుగారే చెప్పారు. అమ్మని తీసుకుని అక్కావాళ్లింటికి వెళ్లాం.

జబ్బు ముదిరితే చాలు, జాలిపడి చేర్చుకుంటారనుకున్నాను. కాదురా, ఎంసెట్ నయం. కోఆర్డినేటర్ అమ్మాయి ఒక పొడుగు కాగితం పట్టుకుని టిక్కులు పెడుతూ పోయింది. హిమోగ్లోబిన్ 9కి తగ్గకూడదు. ప్లేట్‌లెట్లు లక్ష ఉండాలి. కిడ్నీ, లివరు బాగుండాలి. ఇంతకుముందు మూడు రకాల కంటే ఎక్కువ కీమోలు అయి ఉండకూడదు. పేగు మూసుకుపోయి ఉండకూడదు. గడ్డ కనీసం సెంటీమీటరైనా ఉండాలిట, లేకపోతే మందు పనిచేసిందో లేదో దేన్ని కొలుస్తారు? రెండో గడ్డ 14 మిల్లీమీటర్లుందంటే "హమ్మయ్య" అన్నాను. చూడు, ఎక్కడికొచ్చానో.

పగలు ఎంతసేపు పడుకుంటారమ్మా అని అడిగింది. మా అమ్మ "పగలు నిద్రేమిటి, దరిద్రం!" అంది. భోజనం కాగానే మూడింటిదాకా గుర్రుపెట్టే మనిషి! చేతులు తిమ్మిర్లెక్కుతున్నాయా అంటే, "జాకెట్టు హుక్కులు నేనే పెట్టుకుంటాను" అని చేతులు చాపి చూపించింది. నేను మూడో ఇడ్లీ నవ్వు ఆపుకోలేక బయటికి పోయాను. నీకు తప్ప ఇది ఎవరికి చెప్పినా అర్థం కాదు.

ఇదంతా బాగానే గట్టెక్కింది. పేచీ వచ్చింది తేదీ దగ్గర.

నాకర్థమైనంతవరకు చెప్తాను. కార్బోప్లాటిన్ లాంటి ప్లాటినం మందుల ఆఖరి డోసు నుంచి లెక్క. ఆరు నెలలు దాటాక తిరగబెడితే ఆ జబ్బు మందుకి లొంగుతుందని లెక్కేసి, మళ్లీ అదే మందు ఇస్తారు. ఆరు నెలల్లోపే వస్తే మొండిది. ఈ ట్రయల్ మొండిదాని కోసమే. బెజవాడ ఆసుపత్రి వాళ్లిచ్చిన డిశ్చార్జి కాగితంలో ఆరో కీమో 13-05 అని ఉంది. 13 నుంచి నవంబరు 20 అంటే ఆరు నెలలు దాటి వారం. కోఆర్డినేటర్ పెన్ను పక్కన పెట్టేసింది. "సారీ అంకుల్" అంది. అంకుల్ అన్నందుకు కూడా బాధపడలేదురా ఆ పూట.

అప్పుడు అమ్మ అడిగింది, "13 ఏ వారం?" ఫోన్లో చూస్తే మంగళవారం. "మంగళవారం నేను సూది పొడిపించుకుంటానా? ఆరూ శనివారాలే. మీ నాన్నతో పోట్లాడి మరీ శనివారం పెట్టించుకున్నాను."

రాత్రి బస్సెక్కి తెనాలి వచ్చి పడ్డాను. వంటింట్లో క్యాలెండరు. పాలు రాని రోజులు, గ్యాస్ బండ వచ్చిన రోజు, చాకలి పద్దు, వాటి మధ్య ఎర్ర సిరాతో "మందు 1", "మందు 2". ఫిబ్రవరి 15తో మొదలు, 21 రోజులకొకటి, అన్నీ శనివారాలే. "మందు 6" మే 31న. 31ని ఎవరో 13 అని కొట్టారు! ఆ ఒక్క తిరగేసిన అంకెకి... సరేలే.

క్యాలెండరు సాక్ష్యం పనికిరాదన్నారు, ఆసుపత్రి కాగితమే కావాలిట. బెజవాడ రికార్డు రూములో రెండు రోజులు. అక్కడి కథ నువ్వొచ్చాక, పాసింజరులో పెద్దాయన గొంతుతో చెప్తాను, రాస్తే రాదు. మొత్తానికి డేకేర్ షీటు దొరికింది. నర్సు సంతకంతో, 31-05. వేళ్ల మీద లెక్కపెట్టాను, ఆ మెట్ల మీదే. 173 రోజులు. లోపలే! ఎగిరి గంతేశాను. అక్కకి ఫోన్ చేసి "అయిపోయిందే, పాసైపోయాం" అని అరిచాను.

ఆ రాత్రి పడుకుంటే నిద్ర రాలేదు. రెండు రోజులుగా నేను మొక్కుకున్నదేమిటి? అమ్మ జబ్బు తొందరగా తిరగబెట్టి ఉండాలని. మొండిదని రుజువు కావాలని. తేదీ ఏదైనా లోపలున్న జబ్బు అదేగా, నాకు తెలుసు. అయినా మొక్కింది నేనే కదరా.

అమ్మతో ఇదంతా చెప్పలేదు. ఆవిడే అంది, "అయితే ఈ బళ్లో ఫెయిలైతేనే సీటన్నమాట."

సంతకం రోజు ఇంకో గొడవ. బాబాయి ఫోన్ చేసి, "మనుషుల మీద ప్రయోగాలకి ఒప్పుకున్నారా? 2009లో ఖమ్మంలో ఆడపిల్లలకి టీకాలేసినప్పుడు హాస్టలు వార్డెన్ల చేత సంతకాలు పెట్టించుకున్నారు, మర్చిపోయారా" అని. ఆయనన్నది అబద్ధం కాదు. అందుకే అమ్మ పేజీ పేజీ చదివింది, రెండు గంటలు. ముప్పై ఏళ్లు తెలుగు చెప్పిన మనిషి కదా, ఊరికే చదవదు. పర్సులోంచి ఎర్రపెన్ను తీసి "స్వచ్చందంగా" అన్నచోటల్లా ఒత్తు దిద్దింది. ఏడు చోట్ల! ఆ కోఆర్డినేటర్ ప్రాణాలు పోయాయి. ఎథిక్స్ కమిటీ ఒప్పుకున్న కాగితం మీద గీత కూడా పెట్టకూడదట. కొత్త కాపీ తెచ్చి, పెన్ను లాక్కుని, మళ్లీ మొదటినుంచి.

అందులో ఏముందంటే, ఎప్పుడు కావాలంటే అప్పుడు మానేసి వచ్చేయొచ్చు, వైద్యానికేం లోటు చేయరు. మందు వల్ల హాని జరిగితే ఉచితంగా చూడాలి, పరిహారమూ ఇవ్వాలి, ట్రయల్స్ మీద ప్రభుత్వం పెట్టిన 2019 రూల్స్‌లోనే ఉంది. దేశంలో ట్రయల్స్ నమోదు చేసే సీటీఆర్ఐ సైటులో ట్రయల్ నంబరు కొట్టి చూసుకున్నాను, ఉంది. కొత్త మందే వస్తుందని మాత్రం లేదు. కంప్యూటర్ చీటీ తీస్తుంది, కొత్తది రావచ్చు, వారం వారం వేసే పాత కీమో మందు పాక్లిటాక్సెల్ రావచ్చు. "నాకు చీటీ ఎప్పుడూ ఆఖరి నెలే వచ్చేది," అంది అమ్మ. ఆఖరి వాళ్లకి డబ్బు ఎక్కువొస్తుందని కూడా తనే అంది.

ఇప్పుడు మిగిలింది బ్లాకు. ఆపరేషన్లో తీసిన ముక్కని మైనంలో పెట్టి దాస్తారు కదా, దాన్ని పరీక్షకి పంపాలి. కణాల మీద ఫోలేట్ రిసెప్టర్ అని ఒక ప్రోటీన్ ఉంటుంది, కొత్త మందు దాన్ని పట్టుకునే లోపలికి దిగుతుంది. వందలో 75 కణాలకైనా గట్టిగా ఉండాలి. లేకపోతే ఇంత చేసీ చేర్చుకోరు. సంతకం నుంచి 28 రోజుల్లో అన్నీ అయిపోవాలి, అంటే జనవరి 5. ఆ మందు కళ్లమీద పనిచేస్తుందని కంటి డాక్టరుకీ చూపించాలన్నారు, అమ్మకి శుక్లాల ఆపరేషన్ అయింది, దాని సంగతేమిటో

ఫోనొచ్చింది. బ్లాకు దొరికిందట. ల్యాబ్ ఒంటిగంటకి మూసేస్తారు, పాసింజరు పదకొండుంపావుకి. ఆధార్ జెరాక్సు ఎక్కడ పెట్టానో ఏమో. చైను గురించి మళ్లీ రాస్తా.

నీ
గోపిగాడు