పెద్ద ప్లాన్‌కి డబ్బు కట్టేముందు ఇది చదువు

చిన్నీ,

సైట్ ఆగిపోయి 509 బ్యాండ్‌విడ్త్ లిమిట్ ఎక్సీడెడ్ (అంటే ఈ నెల డేటా కోటా అయిపోయింది) అని వస్తోందని రాత్రి ఎంత కంగారుపడ్డావో, హోస్టింగ్ వాళ్ళేమో పెద్ద ప్లాన్ తీసుకోమన్నారు. ఇప్పుడే కట్టకు తల్లీ, ముందు ఆ జీబీలు ఎటు పోతున్నాయో చూద్దాం.

పొద్దున వాళ్ళు తాత్కాలికంగా సైట్ తెరిచాక నేను క్రోమ్‌లో ఎఫ్12 నొక్కి, నెట్‌వర్క్ ట్యాబ్‌లో డిసేబుల్ క్యాష్ (దాచుకున్న పాత కాపీ వాడకు అని) టిక్ పెట్టి నీ మొదటి పేజీ రీలోడ్ చేశా, 48 ఎంబీ చూపించింది! మంగళగిరి చీరల ఫొటోలు 12 ఉన్నాయి కదా, అన్నీ ఫోన్‌లో తీసినవి తీసినట్టే ఎక్కించావు, ఒక్కోటి 4 ఎంబీ. రోజుకి 500 మంది చూస్తే 24 జీబీ, అంటే నీ ప్లాన్‌లో నెలకిచ్చే 100 జీబీ ఐదో రోజుకి అయిపోద్ది. అదే ఫొటో వెడల్పు 1600 పిక్సెల్స్‌కి తగ్గించి వెబ్‌పీలో (సైజు తక్కువ తీసుకునే ఫొటో ఫార్మాట్) సేవ్ చేస్తే 250 కేబీకి అటూఇటూగా వస్తుంది, జరీ అంచు కూడా బాగానే కనపడుద్ది, పేజీ మొత్తం 3 ఎంబీ, నెలకి 45 జీబీ. పైగా సిగ్నల్ సరిగ్గా లేని ఊళ్ళో కూర్చుని చీర చూద్దామనుకునే ఆవిడ డేటా కూడా మిగులుతుంది, నాకు అసలు బాధ అదే, పేజీ తెరుచుకోక ఆవిడ విసుగొచ్చి వెళ్ళిపోతే నీకు తెలియను కూడా తెలియదు.

ఇంకోటి, వచ్చేవాళ్ళంతా మనుషులే అనుకోకు. హోస్టింగ్ వాళ్ళిచ్చిన కంట్రోల్ పేజీ సీప్యానెల్‌లో, సైట్‌కి ఎవరెవరు వచ్చారో లెక్క చూపే ఏడబ్ల్యూస్టాట్స్ తెరువు, అక్కడ రోబోలు (బాట్లు, వాటంతటవే సైట్లు తెరిచే ప్రోగ్రాములు) లాగింది విడిగా చూపిస్తుంది, హోస్ట్స్ లిస్టులో ఏ ఐపీకి (నెట్ కనెక్షన్‌కి ఉండే నంబర్) ఎంత వెళ్ళిందో కూడా ఉంటుంది. ఒకే ఐపీ జీబీలకి జీబీలు లాగుతుంటే దాన్ని ఐపీ బ్లాకర్‌లో పెట్టెయ్, కానీ గూగుల్ సెర్చ్ కోసం పేజీలు చదివే గూగుల్‌బాట్‌ని మాత్రం ముట్టుకోకు, సెర్చ్‌లో కనపడకుండా పోతావు. సైట్‌లో బాట్లకి సూచనలు రాసే రోబోట్స్ డాట్ టీఎక్స్‌టీ ఫైల్‌లో వద్దని రాస్తే మంచి బాట్లు వింటాయి, మిగతావి వినవు. వేరే సైట్ వాళ్ళు నీ ఫొటో లింకే తీసుకెళ్ళి వాళ్ళ పేజీలో పెట్టుకున్నా బిల్లు నీ మీదే పడుతుంది, హాట్‌లింక్ ప్రొటెక్షన్ ఆన్ చెయ్.

వీడియోలు యూట్యూబ్‌లో పెట్టి అక్కణ్ణించి ఎంబెడ్ చెయ్యి, సర్వర్‌లో వద్దు. సైట్ ఫైళ్ళ కాపీలు తన సర్వర్లలో ఉంచుకుని పంపే క్లౌడ్‌ఫ్లేర్ సర్వీసు ఫ్రీ ప్లాన్ పెట్టుకుంటే చాలా ఫొటోలు వాళ్ళ క్యాష్ నుంచే వెళ్తాయి, ఇది మనం ఆదివారం కలిసి చేద్దాం.

సీప్యానెల్‌లో బ్యాండ్‌విడ్త్ పేజీ వారానికోసారి తెరుస్తూ ఉండు, వెబ్, మెయిల్, ఎఫ్‌టీపీ (సర్వర్‌కి ఫైళ్ళు పంపే, తెచ్చే పద్ధతి) దేనికది విడిగా కనపడతాయి. ఇవన్నీ సర్దాక కూడా మనుషుల రాకే పెరిగి 100 జీబీ దాటుతుంటే అప్పుడు పెద్ద ప్లాన్ తీసుకో, నేనే కడతా.

దసరా స్టాక్ పెట్టేలోపు ఆ 12 ఫొటోలు మార్చెయ్, ఏడబ్ల్యూస్టాట్స్ స్క్రీన్‌షాట్ ఈ రాత్రికి వాట్సాప్‌లో పంపు, హోస్ట్స్ లిస్ట్ పూర్తిగా కనపడాలి.

అమ్మ