పేరులో ఒక్క అక్షరం తేడా: ప్రభుత్వ ప్రధాన కార్యదర్శి గారికి బహిరంగ లేఖ

తెలంగాణ రాష్ట్ర ప్రభుత్వ ప్రధాన కార్యదర్శి గారికి,

నమస్కారం. ఇంటి పెద్ద పోయాక కాగితాలు మార్పించుకోవాల్సిన హైదరాబాద్ కుటుంబాలకు దరఖాస్తులు రాసిపెట్టే పనిలో ఉన్నవాళ్లం. ఈ పని మున్సిపల్, రెవెన్యూ, విద్యుత్ శాఖలకూ జలమండలికీ పంచుకుపోయింది. అందుకే మీకే రాస్తున్నాం.

చిక్కంతా పేరు దగ్గరే మొదలవుతుంది. మన ఇంటిపేరు ఒకచోట పొడి అక్షరంగా, ఇంకోచోట పూర్తిగా ఉంటుంది. పాత సేల్ డీడ్‌లో ‘ఎం. సత్యనారాయణ’, ఆధార్‌లో ‘మేడిశెట్టి సత్తయ్య’, పాస్‌బుక్‌లో ‘సత్యనారాయణ ఎం’ అని ఉందనుకోండి. బస్తీ అంతటికీ ఆయన ఒక్కరే. కౌంటర్లో ముగ్గురు.

ఆస్పత్రిలో మరణిస్తే కేస్ షీట్‌లో ఉన్న పేరే రిజిస్ట్రార్‌కు వెళ్తుంది. అర్ధరాత్రి ఎమర్జెన్సీలో చేర్పించేటప్పుడు కంగారులో ఎవరో చెప్పిన పిలుపు పేరు అది. ధ్రువపత్రం మీదా అదే అచ్చవుతుంది. ఆ తర్వాత 1969 నాటి జనన మరణాల నమోదు చట్టం 15వ సెక్షన్ కింద సవరణ కోరుతూ తిరగాలి. అందుకే, రిపోర్టు వెళ్లకముందే ఆధార్ జిరాక్స్ ఇచ్చి అక్షరం అక్షరం సరిచూసుకోమని ప్రతి ఇంటికీ చెబుతుంటాం. దుఃఖంలో ఉన్న మనుషులకు ఆ సమయంలో ఇది గుర్తుండదు, గుర్తుండాలని అడగడమూ న్యాయం కాదు. నమోదు ఖరారయ్యే ముందు చిత్తుప్రతిని కుటుంబం ఫోనుకు పంపి, పేరు సరేనా అని అడగండి.

తర్వాతది కుటుంబ సభ్యుల ధ్రువపత్రం. మీసేవలో దరఖాస్తు పెడితే గిర్దావర్ (రెవెన్యూ ఇన్‌స్పెక్టర్) విచారించి పంచనామా రాస్తారు, తహసీల్దార్ సంతకం చేస్తారు. ఇక్కడ పెళ్లయి వెళ్లిన కూతుళ్ల పేర్లు జారిపోతుంటాయి. పోయినాయన తల్లి ఇంకో కొడుకు దగ్గర ఉంటే ఆమె పేరూ రాయరు. వీలునామా లేకుండా పోయిన మగవాడి ఆస్తిలో భార్య, కొడుకులు, కూతుళ్లతో పాటు తల్లికీ సమాన వాటా ఉందని 1956 నాటి హిందూ వారసత్వ చట్టం చెబుతోంది. కొన్నేళ్లకు ఫ్లాట్ అమ్మబోతే, కొనేవాళ్ల లాయరు ఈ లోటు పట్టుకుని బేరం ఆపేస్తాడు. కూతుళ్లు ఉన్నారా, తల్లి బతికి ఉందా అన్న రెండు ప్రశ్నలు దరఖాస్తులోనే తప్పనిసరి చేయండి.

ఇల్లు ఒక్కటే అయినా ఆస్తి పన్నుకు పీటీఐఎన్ అనే గుర్తింపు సంఖ్య, కరెంటుకు సర్వీసు నంబరు, నీటికి క్యాన్ నంబరు. మూడింట్లోనూ పేరు మార్పుకు దాదాపు అవే కాగితాలు: మరణ ధ్రువపత్రం, కుటుంబ సభ్యుల ధ్రువపత్రం, ఆస్తి దస్తావేజు, మిగతా వారసుల అభ్యంతరం లేదన్న పత్రం. మీసేవలో ఒక్క దరఖాస్తు తీసుకుని మూడు చోట్లకూ పంపే ఏర్పాటు కావాలి. గడువూ పెట్టండి. మరణించిన ఖాతాదారుల క్లెయిములను, కాగితాలన్నీ అందిన 15 రోజుల్లో తేల్చాలని రిజర్వు బ్యాంకు 2025లో బ్యాంకులకు చెప్పింది.

పెళ్లి, విడాకుల విషయం ఇంకొకటి. పెళ్లికి ముందు పీఎఫ్‌లో అమ్మనో తమ్ముణ్నో రాసిన నామినేషన్ పెళ్లయ్యాక చెల్లదు, కొత్తది వేయాలి. విడాకుల డిక్రీ వచ్చినంత మాత్రాన బ్యాంకులో నామినీగా ఉన్న మాజీ భర్త పేరు తొలగిపోదు. వివాహ నమోదు పత్రంతో పాటే, ఏయే చోట్ల పేర్లు మార్చుకోవాలో చెప్పే ఒక్క కాగితం సబ్ రిజిస్ట్రార్ కార్యాలయంలో చేతికిస్తే చాలు.

వీటన్నిటికంటే ముందు చేయదగ్గది, కుటుంబ సభ్యుల ధ్రువపత్రంలో ఒక గడి పెంచడం: ‘మరణించినవారికి రికార్డుల్లో ఉన్న ఇతర పేర్లు’. సేల్ డీడ్, ఆధార్, పాస్‌బుక్ చూసి గిర్దావర్ పంచనామాలోనే ఆ పేర్లు నమోదు చేస్తే, మిగతా ప్రతి కౌంటర్ దానినే ప్రమాణంగా తీసుకోవాలని మీరు ఒక్క ఉత్తర్వు ఇవ్వాలి.

ఇట్లు,
దస్తావేజుల పనిలో ఉన్న కొందరం,
హైదరాబాద్