రామగుండం పరిశ్రమల్లో స్థానికుల లెక్క చెప్పండి: కార్మిక శాఖ మంత్రి గారికి బహిరంగ లేఖ

గౌరవనీయులైన తెలంగాణ రాష్ట్ర కార్మిక, ఉపాధి కల్పన శాఖ మంత్రి గారికి,

గోదావరిఖని నుంచి ఒక విశ్రాంత గని ఉద్యోగి నమస్కరించి రాయునది.

మా పరిశ్రమల్లో స్థానికులు ఎందరున్నారన్న విషయం మీద ప్రజావాణిలో అర్జీలు పెట్టుకున్నాను. అధికారులను కలిశాను. ఇచ్చిన ప్రతి కాగితానికీ ముద్ర వేసిన రసీదు మాత్రం చేతికి వచ్చింది. జవాబు రాలేదు కనుక, ఇక అందరి ముందే అడుగుతున్నాను.

మా ప్రాంతంలో ఏ కొత్త ప్లాంటుకు కొబ్బరికాయ కొట్టినా ఎన్ని వేల కోట్ల పెట్టుబడి, ఎన్ని మెగావాట్లు, ఎన్ని లక్షల టన్నులు అన్న అంకెలు వేదిక మీద తడుముకోకుండా చెబుతారు. వాటి వెంటే ‘ఇన్ని వేల మందికి ఉపాధి’ అన్న మాట వస్తుంది. నా పేచీ ఆ ఒక్క మాటతోనే. ఆ వేల మందిలో పర్మినెంటు ఎందరు, కాంట్రాక్టు ఎందరు, భూములు, ఇళ్లు పోగొట్టుకున్న ఊళ్లవాళ్లు ఎందరు అన్నది నేను ఇన్నేళ్లలో ఏ ప్రభుత్వం నోటా వినలేదు.

తొంభైల మొదట్లో సింగరేణిలో లక్షకు పైగా కార్మికులు ఉండేవారు. ఇప్పుడు 40 వేల చుట్టూ ఉన్నారు. బొగ్గు తగ్గిందా అంటే, 2023-24లో 7 కోట్ల టన్నులు తీశారు, ఆనాటి కంటే మూడింతలకు పైగా. భూగర్భ గనులు ఒక్కొక్కటీ మూతపడి, నేల పైనుంచే తవ్వే ఓపెన్‌కాస్టులు వచ్చాయి, బొగ్గు మీది మట్టి తీసే ఓబీ పని కాంట్రాక్టు కంపెనీల పాలైంది. 1980లో ఉత్పత్తి మొదలుపెట్టిన ఎఫ్‌సీఐ ఎరువుల కర్మాగారం 1999లో మూతపడితే, అదే చోట కొత్త ఎరువుల సంస్థ ఆర్‌ఎఫ్‌సీఎల్ 2021లో యూరియా తీయడం మొదలుపెట్టింది. ఏడాదికి 12.7 లక్షల టన్నుల ప్లాంటు వచ్చినందుకు సంతోషమే. ఎఫ్‌సీఐ క్వార్టర్లలో పుట్టి పెరిగిన పిల్లల్లో ఎందరు ఆ గేటు లోపలికి పోయారో మాత్రం అడగకూడదు. అంతర్గాం స్పిన్నింగ్ మిల్లు సంగతి చెప్పుకోవడమే మానేశాం. 1971 నాటి బి-థర్మల్ విద్యుత్ కేంద్రం 2024 జూన్‌లో ఆగింది. దాని స్థానంలో 800 మెగావాట్లు వస్తాయన్నారు. మెగావాట్లు వస్తాయనే నమ్మకం నాకుంది, వాటితోపాటు నౌకరీలు వస్తాయన్న నమ్మకమే లేదు.

సర్వీసులో ఉన్నన్నాళ్లూ నేను మస్టర్ రిజిస్టర్లు, అంటే కార్మికుల హాజరు పుస్తకాలు రాసినవాణ్ణి. ఒక్క మస్టర్ తక్కువ పడిందని కిటికీ దగ్గర నిలబడి వాదించే కార్మికుణ్ణి చూస్తే అప్పట్లో విసుగొచ్చేది. ఇప్పుడు నా కొడుకుకు వాదించడానికి కిటికీ కూడా లేదు. ఐటీఐ ఫిట్టరు చదివాడు. ఇక్కడి ఒక కర్మాగారంలో, అదే షెడ్డులో, అవే పంపుల దగ్గర ఏళ్లుగా పనిచేస్తున్నాడు. టెండరు మారినప్పుడల్లా అతని గేటు పాసు మీద యజమాని పేరు మారుతుంది, చేరిన తేదీ మారుతుంది, నిన్నటి వరకు ఫిట్టరుగా ఉన్నవాడు కాగితాల్లో మళ్లీ హెల్పర్ అవుతాడు. పాత కాంట్రాక్టరు ఆఖరి నెలల పీఎఫ్ కట్టకుండానే సామాను సర్దుకుంటాడు, కొత్తవాడు ‘అది నాకు సంబంధం లేదు’ అంటాడు. ప్రతిసారీ సర్వీసు మొదటి రోజు నుంచి లెక్కపెడుతుంటే గ్రాచ్యుటీకి కావలసిన ఐదేళ్లు ఎప్పటికి నిండుతాయో, కార్మిక చట్టాలు మాకంటే తెలిసిన మీరే చెప్పాలి. మళ్లీ పనిలోకి తీసుకోవడానికి మధ్యవర్తికి ముట్టజెప్పేది వేరే ఉంటుంది. దానికి రసీదు ఇవ్వరు. (అర్జీకి ఇస్తారు, అదొక తృప్తి.)

సింగరేణి లాభాల వాటా కింద 2024 దసరా ముందు పర్మినెంటు కార్మికుడికి సగటున 1.90 లక్షల రూపాయలు వస్తే, కాంట్రాక్టు కార్మికుడికి 5,000 ఇచ్చారు. అసలు ఇవ్వడమే మొదటిసారి కాబట్టి చరిత్రాత్మకం అన్నారు. మరుసటి ఏడాది అది 5,500 అయింది. ఇవ్వలేదని అనను, కానీ ఒకే దుమ్ములో పనిచేసే ఇద్దరి మధ్య అంత తేడాను చరిత్ర అనడానికి నాకు నోరు రావడం లేదు. కోల్ ఇండియాలో కాంట్రాక్టు కార్మికులకు అమలవుతున్న హైపవర్ కమిటీ వేతనాలు ఇక్కడా ఇవ్వాలని 2022 సెప్టెంబరులో రోజుల తరబడి సమ్మె చేసినవాళ్లు ఇంకా అదే అడుగుతున్నారు. ఇక 2021 జూన్‌లో ఐదు రంగాల కనీస వేతనాలను సవరిస్తూ ఇచ్చిన జీవోలు ఏళ్లపాటు గెజిట్ ముఖమే చూడలేదు.

పరిశ్రమల వారీగా, ఏడాదివారీగా స్థానికుల సంఖ్య ఇవ్వమని సమాచార హక్కు కింద అడిగితే, ఒక కార్యాలయం నా దరఖాస్తును మరో కార్యాలయానికి పంపింది. ఆ కార్యాలయం ‘ఇది కేంద్ర పరిధిలోని అంశం’ అని రాసింది. సింగరేణిలో 51 శాతం వాటా రాష్ట్ర ప్రభుత్వానిది, ఆర్‌ఎఫ్‌సీఎల్‌లో 11 శాతం. వాటాలు ఉన్నచోట ఒక లెక్క అడిగే పరిధి కూడా లేకపోతుందా? స్థానికులకు ఎక్కువ ఉద్యోగాలిచ్చే పరిశ్రమలకు అదనపు రాయితీలు ఇవ్వాలని 2020 ఆగస్టులో రాష్ట్ర మంత్రివర్గమే ఆమోదించింది. లెక్క లేకుండా ఆ రాయితీని దేన్ని చూసి ఇస్తారు?

ఒక అపార్థానికి తావివ్వకూడదు. బీహార్, జార్ఖండ్ నుంచి వచ్చి రేకుల షెడ్లలో పదేసి మంది పడుకుంటున్న కుర్రవాళ్ల మీద నాకు కోపం లేదు. మన పిల్లలు దుబాయిలో పడుతున్న పాట్లే వాళ్లు ఇక్కడ పడుతున్నారు. స్థానికుడైతే యూనియన్ అంటాడని, పండుగకు నాగా పెడతాడని కాంట్రాక్టర్లు బాహాటంగానే అంటారు. ఆ మాట మీ అధికారులు వినలేదంటే నేను నమ్మను.

అయ్యా, పర్మినెంటు కొలువులన్నీ తిరిగి తెమ్మని అడిగేంత అమాయకుణ్ణి కాను. మా ప్రాంతంలోని ప్రతి గని, ప్రతి ప్లాంటు, ప్రతి కాంట్రాక్టరు వద్ద ఎందరు పనిచేస్తున్నారు, వారిలో ఏ మండలం వారు ఎందరు, ఏ హోదాలో, ఎంత జీతానికి అన్నది గత పదేళ్లకు తేల్చి జిల్లా వెబ్‌సైటులో పెట్టించండి. కాంట్రాక్టరు మారినా మనిషి సర్వీసు మారకుండా టెండరు షరతుల్లోనే రాయించండి. పీఎఫ్ ఎగ్గొట్టినవాడికి మళ్లీ టెండరు దక్కకుండా చూడండి. రిజిస్టరు ఎలా రాయాలో తెలియక ఆలస్యమవుతోందంటే, మస్టర్లు రాసిన చేయి ఇంకా వణకడం లేదు, జీతం లేకుండా వచ్చి నేర్పుతాను.

ఈ లేఖకు రసీదు అక్కరలేదు, జవాబు ఇప్పించండి.

భవదీయుడు,
ఒక విశ్రాంత మస్టర్ క్లర్కు,
గోదావరిఖని, పెద్దపల్లి జిల్లా