మన మేస్త్రీలిద్దరూ ఫోన్‌లోనే ఉన్నారమ్మా

అబ్బాసియా, కువైట్
2025 మే 16

అమ్మకు,

నేను బాగున్నాను. ఫోనుండగా ఉత్తరమెందుకని నవ్వుతావేమో. ఫోన్‌లో "తిన్నావా, నిద్రపోయావా" అనేసరికే నా టైం అయిపోతుంది. నార్పల ఆయన ఒకాయన సెలవు మీద వస్తున్నాడు, ఆయన చేతికిస్తున్నాను. తమ్ముణ్ణి పక్కన కూర్చోబెట్టి చదివించుకో. వాడి గురించి రాసిన చోట మింగేస్తాడు, గట్టిగా చదవమను.

మొన్న నువ్వు చెప్పిన కరువు పని, అదే ఉపాధి హామీ పని, సంగతి మనసులోంచి పోవడం లేదు. గుట్ట కింద కందకం పని తొందరగా అయిపోయినా, హాజరుకు తీసే రెండో ఫోటో కోసం పదకొండు దాకా ఎండలోనే ఉండిపోయారని చెప్పావు. హాజరు వేసే మేట్ సిగ్నల్ కోసం ఫోన్ పైకెత్తి గట్టెక్కి, అందరినీ వరసలో నిలబెట్టి "కొంగు తీయండి, మొగం కనపడాల" అని అరిచిందట కదా. నువ్వు నవ్వుతూనే చెప్పావు కానీ, ఆ రోజు ఫోటో ఎక్కలేదు, నీ 307 రూపాయలు పోయాయి. తవ్విన కందకం అక్కడే ఉంది, ఎవరైనా టేపు పెట్టి కొలుచుకోవచ్చు. ఫోటో లేదు కాబట్టి నువ్వు పనికి రానట్టే లెక్క.

ఈ పథకం దేశంలో మొదలైంది మన బండ్లపల్లిలోనే. 2006 ఫిబ్రవరిలో ప్రధాని మన్మోహన్ సింగ్ వచ్చిన రోజు నేనూ నాయన భుజమెక్కి చూశాను, నాకు కనపడింది దుమ్మే. అప్పుడు హాజరంటే మస్టరు కాగితం. రాని వాళ్ళ పేర్లు కూడా రాసేవాళ్ళు, నిజమే. అలాంటి దొంగ హాజర్లు ఆపడానికే 2023 జనవరి నుంచి ఫోటో తప్పనిసరి చేశారు, దాన్ని నేను కాదనను. కానీ కాగితంలో తప్పు పడితే రాసినవాడి ఇంటికే పోయి అడిగేవాళ్ళు. పెద్దమ్మ ఒకసారి చీపురు తీసుకుని పోయింది, గుర్తుందా? ఇప్పుడు చీపురు తీసుకుని ఎవరింటికి పోవాలి?

నాదీ అదే కథమ్మా. నా మేస్త్రీ కూడా ఫోన్‌లోనే ఉన్నాడు, ఈ డెలివరీ ఆప్. ఎటు పోవాలో, ఎన్ని నిమిషాల్లో పోవాలో అదే చెబుతుంది. బండి ఆగితే ఎందుకాగావని అడుగుతుంది. మొదట్లో నాకిది బాగానే ఉండేది, అబద్ధమెందుకు. అరబ్బీ రాకపోయినా బ్లాక్, స్ట్రీట్, ఇంటి నంబరు చూసుకుని పోతాను. తిట్టేవాడు లేడు.

పోయిన నెల సాల్మియాలో ఒక బిల్డింగ్‌కి పోతే లిఫ్ట్ పనిచేయడం లేదు. బిర్యానీ సంచి పట్టుకుని తొమ్మిది అంతస్తులెక్కి, చెమట తుడుచుకుని బెల్ కొట్టాను. తలుపు సగమే తీసి సంచి లాక్కున్నారు. నేను కిందికి దిగేలోపే ఆలస్యమైందని ఒక్క స్టార్ పడింది. ఆ వారమంతా మంచి టైంలో డ్యూటీ దొరకలేదు. ఆప్‌లో రాస్తే "మీ అభిప్రాయానికి ధన్యవాదాలు" అని వచ్చింది. రాత్రి రెండింటికి రాసినా అదే మాట. ఆఫీసుకి పోతే అక్కడి మలయాళీ ఆయన మంచోడే, టీ ఇప్పించి "సిస్టమ్ చేసింది, నా చేతిలో ఏమీ లేదు" అన్నాడు. ఆ మాట నిజమే, ఆయన కూడా పాపం జీతగాడే.

ఎండ గురించి టెన్షన్ పడకు. జూన్ 1 నుంచి ఆగస్టు ఆఖరు దాకా 11 నుంచి 4 వరకు ఎండలో పని చేయించకూడదని ఇక్కడ రూల్ ఉంది.

ఇక తమ్ముడి సంగతి. ఒరే, ఇదే గట్టిగా చదవాల్సింది. జనవరిలో వాట్సాప్‌లోనే ప్రభుత్వ పనులు చేసిపెట్టే 'మన మిత్ర' వచ్చాక నీ నెట్ సెంటర్‌కి ఎవరూ రావట్లేదని, మూసేసి ఇక్కడికొచ్చి బండి నడుపుతానని అంటున్నావట. వద్దు. కరెంటు బిల్లుకీ సర్టిఫికెట్లకీ జనం రారు, ఒప్పుకుంటాను. కానీ ఆధార్‌లో లక్ష్మిదేవి, బ్యాంకులో లక్ష్మీదేవమ్మ అయిపోయి కూలి ఆగినవాళ్ళు ఏం చేయాలి? 2024 జనవరి నుంచి ఆ కూలి ఆధార్ మీదే పడుతోంది. ఒక్క అక్షరం తేడాతో ఆగిందని ఆ ముసలామెకు ఎవరు చెప్పాలి? అది చూసిపెట్టి ఇరవై రూపాయలు తీసుకో, ఎవరూ కాదనరు. నువ్వేమో ఫోన్ చూసుకుంటూ "కాదు, పో" అంటున్నావని పెద్దమ్మ నాకు చెప్పింది. ఆమె చీపురు ఇంకా ఇంట్లోనే ఉంది, చూసుకో.

మొదటి పని అమ్మదే చెయ్. ఫీల్డ్ అసిస్టెంట్ దగ్గరకు తీసుకుపో, పోయిన రోజు కూలికి అర్జీ రాసివ్వండి. నోటి మాటతో రావద్దు, రసీదు తీసుకోండి. ఆ రోజు పక్కన తవ్విన నలుగురితో సంతకాలు పెట్టించు.

సంచిలో ఖర్జూరాలున్నాయి, నాయన మోకాళ్ళకు బామ్ ఉంది. ఆ ఆయన తిరిగొచ్చేటప్పుడు చెనిక్కాయల పొడి పంపమ్మా. కారం కొంచెం ఎక్కువే వెయ్యి, రూమ్‌లో నలుగురం ఉన్నాం.

నీ పెద్ద కొడుకు