అరగంట వంటలకూ చోటివ్వండి

సంపాదకులకు నమస్కారం. ఉద్యోగాలు చేసే ఇళ్లలో వంటకు తీరికెక్కడిదని తరచూ అంటుంటారు గానీ, రాత్రి గ్లాసుడు పెసలు, గుప్పెడు బియ్యం నానబెట్టి పొద్దున్నే అల్లం, పచ్చిమిర్చి వేసి రుబ్బుకుంటే, పులియబెట్టే పని కూడా లేకుండా పెసరట్టు పెనం మీదికి వస్తుంది. కందిపప్పు, తోటకూర, రెండు టమాటాలు ఒకే కుక్కరులో ఉడికించి తాలింపు పెడితే మధ్యాహ్నం క్యారేజీకి సరిపోతుంది. హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థ 2024లో వెలువరించిన మార్గదర్శకాలు రోజుకు ఉప్పు 5 గ్రాములు మించవద్దన్నాయి. కొనుక్కొచ్చిన కూరలో ఎంత పడిందో మనకు తెలియదు, ఇంట్లోనైతే చెంచా మన చేతిలోనే ఉంటుంది. ఆవకాయనూ ఆ లెక్కలోనే వేయాలన్నది మాత్రం మా ఇంట్లో ఎవరికీ రుచించని మాట. మీ ఆదివారం సంచికలో పండగ పిండివంటలతో పాటు ఇటువంటి వంటలనూ ప్రచురిస్తే, గదులు అద్దెకు తీసుకొని సొంతంగా వండుకుంటున్న యువతకు ఉపయోగపడుతుంది.

– ఒక పాఠకురాలు, కాకినాడ