మావా, ఆ స్టీలు గిన్నెలు అప్పుడే పాత సామాన్లకి వెయ్యకు

ఒరేయ్ మావా,

నువ్వు పంపిన ఫోటోలు ఒక్కొక్కటీ పెద్దవి చేసి చూశాను. చెల్లెమ్మ టెన్షన్ పడటంలో తప్పేం లేదు రా, కొత్తిల్లు, కొత్త సామాను, పాలు పొంగించిన గిన్నెకే గోధుమరంగు మచ్చలొస్తే ఎవరికైనా మనసు చివుక్కుమంటుంది. కానీ మొత్తం పాత సామాన్ల వాడికి వేసేస్తానన్నావు చూడు, ఆ పని మాత్రం చెయ్యకు. హోటళ్ళకి వంట సామాను చేసే షాపులో ఇన్నేళ్ళుగా స్టీలు షీట్ల మధ్యే ఉన్నవాణ్ణి, చూస్తే తెలుస్తుంది. అందులో చాలా వరకు బాగయ్యేవే.

స్టెయిన్‌లెస్ స్టీలు అంటాం గానీ అందులో సగానికి పైగా ఇనుమే. దానికి కనీసం 10.5 శాతం క్రోమియం కలుపుతారు, ఆ క్రోమియం గాలిలోని ఆక్సిజన్‌తో కలిసి పైన కంటికి కనపడనంత పల్చటి పొర కడుతుంది, ఆ పొర ఉన్నంతసేపు లోపలి ఇనుముకి తుప్పు పట్టదు. గీత పడినా గాలి తగిలితే చాలు, తనంతట తనే మళ్ళీ కట్టుకుంటుంది. 1913లో ఇంగ్లండులోని షెఫీల్డ్‌లో హ్యారీ బ్రియర్లీ అనే ఆయన, తుపాకీ గొట్టాలు త్వరగా అరిగిపోకుండా ఉండే స్టీలు కోసం వెతుకుతూ ఇలాంటిది తయారుచేశాడు. అది చివరికి ఆ ఊళ్ళో కత్తులు, చాకులు చేసేవాళ్ళకి బాగా పనికొచ్చింది.

ఈ పొరకి అసలు శత్రువు ఉప్పు. ఉప్పులో ఉండే క్లోరైడ్ ఆ పొరని అక్కడక్కడా చిల్లు పొడుస్తుంది. ఇప్పుడు మీ ఇల్లెక్కడుందో చూసుకో, భీమిలి రోడ్డులో సముద్రానికి ఎదురుగా! గాలి నిండా ఉప్పే. కడిగిన గిన్నెలు ఆ కిటికీ పక్క స్టాండులో పెట్టి వదిలేస్తే రాత్రంతా వాటి మీద ఉప్పు తేమ పేరుకుంటుంది. దానికి తోడు బోరు నీళ్ళు ఉప్పగా ఉన్నాయని నువ్వే అన్నావు. ఆ నీటి చుక్క గిన్నె మీదే ఆరితే నీరు పోయి ఉప్పు మిగులుతుంది కదా. అందుకే కడగ్గానే పొడిగుడ్డతో తుడిచి ఎక్కడివక్కడ లోపల పెట్టమను. తడి గిన్నెలు ఒకదాంట్లో ఒకటి దూర్చి పెడితే ఇంకా చెడ్డది, మధ్యలో గాలి ఆడక ఆ పొర మళ్ళీ కట్టుకోలేదు.

మూడో ఫోటోలో మచ్చలు పిడి అతికించిన చోట ఉన్నాయి, గమనించావా? అది మీ వాడకంలో తప్పు కాదు. వెల్డింగ్ వేడికి అక్కడ స్టీలు రంగు మారుతుంది, ఆ నలుపు సరిగ్గా తీసి శుభ్రం చేయకుండా అమ్మేస్తే తుప్పు ముందు అక్కడే మొదలవుతుంది. మా షాపులో యాసిడ్ పేస్టు రాసి కడిగి గానీ బయటికి పంపం. అంచు మడతలో వచ్చేది వేరు, అక్కడ నీళ్ళు నిలబడతాయి, గిన్నె బోర్లించి ఆరబెడితే చాలు. లోపల అడుగున సన్నటి చుక్కలున్నాయంటే చల్లటి నీళ్ళలో ఉప్పు వేసి పొయ్యి మీద పెట్టారన్నమాట. గళ్ళుప్పు కరగకుండా అడుగున కూర్చుని, కూర్చున్న చోటల్లా చిల్లు పెడుతుంది. నీళ్ళు మరిగాక వేసి కలిపితే ఆ బాధ లేదు.

ఇంకొకటి, ఇనప పీచుతో తోమిస్తున్నారా? దాని పొడి గిన్నె గీతల్లో ఇరుక్కుని తుప్పు పడుతుంది. అప్పుడు తుప్పు పట్టింది గిన్నె కాదు, పీచు. తడి ఇనప మూకుడు తెచ్చి స్టీలు గిన్నె మీద పెట్టినా అదే మచ్చ. ఇలాంటిది సులువుగానే పోతుంది. వంటసోడా కొద్ది నీళ్ళతో ముద్ద చేసి పూసి, కాసేపాగి మెత్తటి స్పాంజితో గీత ఉన్న వైపుకే రుద్దండి. పోకపోతే నిమ్మ ఉప్పు, అంటే సిట్రిక్ యాసిడ్, వేడినీళ్ళలో కలిపి నానబెట్టండి, తర్వాత మంచినీళ్ళతో బాగా కడిగి వెంటనే తుడిచెయ్యండి. నిమ్మచెక్క మీద ఉప్పు అద్ది రుద్దమని ఎవరైనా చెబితే వద్దను, ఇత్తడికి సరే గానీ దీనికి పనికిరాదు. బ్లీచింగూ వద్దు. బాత్రూం యాసిడ్ అసలు ముట్టుకోవద్దు, అందులో ఉన్నది కూడా క్లోరైడే, పైగా ఆ రెండూ కలిస్తే విషవాయువు వస్తుంది రా, చెల్లెమ్మకి ఇది గట్టిగా చెప్పు.

మచ్చ పోయాక గోరుతో గీరి చూడు. నున్నగా ఉంటే నిశ్చింత. గోరు తట్టుకుంటే చిల్లు లోపలికి దిగిందని లెక్క. అయినా భయపడకు, ఆ కాస్త తుప్పు కడుపులోకి పోతే విషమేం కాదు. కాకపోతే ఆ గిన్నెలో ఇక పులుసు, చారు పెట్టకుండా పప్పులు, రవ్వ పోసుకోండి.

అత్తయ్య సారె గిన్నెలు ఇన్నేళ్ళైనా మెరుస్తున్నాయి, మావే ఎందుకిలా అన్నావు. నాకు తెలిసి అది నికెల్ సంగతి. మంచి వంటగిన్నెలకి వాడే 304 రకంలో క్రోమియం 18 శాతం, నికెల్ 8 శాతం ఉంటాయి. నికెల్ ఖరీదైన లోహం. అందుకని దాన్ని తగ్గించి మాంగనీసు కలిపిన 200 సిరీస్ వచ్చింది, 201, 202, జె4 అంటాం. చూడ్డానికి అచ్చం అలాగే ఉంటుంది గానీ ఉప్పుకి తట్టుకోదు. కొట్లో అయస్కాంతం పెట్టి, అంటుకోలేదు కాబట్టి అసలైన స్టీలే అని చూపిస్తారు చూడు, నాకు ఒళ్ళు మండేది అక్కడే. 202 కూడా అంటుకోదు! ఆ పరీక్షతో తేలేది ఏమీ లేదు. అలాగని అంటుకున్నవన్నీ నాసిరకమూ కాదు, ఇండక్షన్ గిన్నెకి అడుగు అంటుకోవాల్సిందే, లేకపోతే వేడెక్కదు. అక్కడ సాధారణంగా నికెల్ లేని 430 రకం స్టీలు వేస్తారు, అందుకే మీ కుక్కరు అడుగున ముందుగా మచ్చలొచ్చాయి. అది బయటి వైపే, తుడిచి పొడిగా ఉంచితే ఏళ్ళు వస్తుంది.

స్టీలు గిన్నెలకి ఐఎస్ 14756 అని ఒక ప్రమాణం ఉంది, ఐఎస్ఐ మార్కు తప్పనిసరి అని 2024లో ప్రభుత్వం ఉత్తర్వు ఇచ్చింది. బిల్లు తీసి చూడు, రకం రాశారా? 304 అని రాసి ఇచ్చుంటే, ఆ పిడి గిన్నె పట్టుకెళ్ళి మార్చి ఇమ్మని నెమ్మదిగానే అడుగు. రాయకపోతే వాదించి లాభం లేదు, ఈసారి కొనేటప్పుడు రాయించుకో.

ముందు ఉప్పు డబ్బా, ఆవకాయ గిన్నె ఖాళీ చేయించి రెండూ జాడీల్లోకి మార్పించు, ఫోటోల్లో నాకు నిజంగా భయమేసినవి అవే. వాటిని కడిగి తుడిచాక లోపలి వైపు ఫోటో వెలుతురులో తీసి పంపు, చూసి చెబుతాను.

ఉంటాను రా.